గ్రహాంతరవాసులకు బందరు నీళ్ళెందుకు?



ఆకాశంలో పళ్ళెం లాంటిదేదో వచ్చి నిలుస్తుంది. ఊళ్ళకు ఊళ్ళు తగలబడిపోతాయి. జనం హాహాకారాలు చేస్తూ పరుగులు తీస్తారు. చివరికి ఒక కథానాయకుడు, ఒక చిన్న కిటుకు, దాంతో శత్రువులంతా సర్వనాశనం! గ్రహాంతరవాసులు భూమి మీదకు దండెత్తి వచ్చే సినిమాలు ఇలాగే ఉంటాయి. ఒకప్పుడు ఇవి చూడాలంటే ఇంగ్లీషు సినిమాలు ఆడే హాలుకు వెళ్ళాల్సి వచ్చేది. ఇప్పుడు టీవీలోనూ, ఫోనులోనూ నట్టింటికే వచ్చేస్తున్నాయి. పిల్లలు కళ్ళార్పకుండా చూస్తారు. వంటింట్లో ఉన్న మనకూ సగం సగం వినబడుతూనే ఉంటాయి.

చూడవద్దని నేననను. కాకపోతే చూసేటప్పుడు పిల్లల చేత రెండే రెండు ప్రశ్నలు వేయించండి. ఒకటి, వీళ్ళు ఇంత దూరం ఎందుకొచ్చారు? రెండు, బయలుదేరే ముందు మన సంగతి వీళ్ళకు ఏపాటి తెలుసు? ఈ రెండింటికీ సరైన జవాబు చెప్పగల సినిమాలు బహు తక్కువ. ఈ ప్రశ్నలు వేయడానికి పెద్ద చదువులేమీ అక్కర్లేదు. వంటింటి జ్ఞానం, మన కృష్ణాతీరంలో పుట్టి పెరిగిన జ్ఞానం చాలు.

"సినిమా అన్నాక కథ. కథలో లెక్కలేమిటమ్మా?" అంటారేమో. నిజమే, మాట కాదనను. 1957లో వచ్చిన 'మాయాబజార్'లో ఘటోత్కచుడు నోరు తెరిస్తే లడ్డూలు వాటంతట అవే లేచి వచ్చి నోట్లో పడ్డాయి. మన గుడివాడ ప్రాంతం నుంచి వెళ్ళిన ఇద్దరు మహానటులు, నిమ్మకూరు రామారావుగారూ, రామాపురం నాగేశ్వరరావుగారూ, ఆ సినిమాలో ఉన్నారు. లడ్డూ ఎలా ఎగిరిందని మనం ఎవరమైనా అడిగామా? అడగలేదు. మాయ అని ముందే చెప్పారు గనుక. అదే సినిమాలో సత్యపీఠం ఎక్కినవాళ్ళు నిజం చెప్పితీరాలని ఒక నియమం పెట్టారు. శకుని అంతటివాడు ఎక్కినా కడుపులో ఉన్నదంతా కక్కేశాడు. అక్కడ శకుని చక్కగా అబద్ధం చెప్పి దిగిపోయి ఉంటే మనం ఊరుకునేవాళ్ళమా? కథ తాను పెట్టుకున్న నియమాన్ని తానే తప్పితే దాన్ని చిల్లు అంటాం. మాయ కథకు మాయ నియమం. "ఇది మాయ కాదు, శాస్త్రం" అని చెప్పుకునే కథకు శాస్త్రమే నియమం. అందుచేత దాన్ని శాస్త్రంతోనే తూచాలి.

ముందు దూరం సంగతి చూద్దాం. సూర్యుణ్ణి వదిలేస్తే మనకు అన్నిటికంటే దగ్గర నక్షత్రం పేరు ప్రాక్సిమా సెంటారీ. సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పరుగెత్తే వెలుతురు అక్కడి నుంచి మన దగ్గరకు రావడానికి 4 సంవత్సరాల పైచిలుకు పడుతుంది. 1977 సెప్టెంబరులో అమెరికా వాళ్ళు వాయేజర్-1 అనే నౌకను పంపించారు. అది సెకనుకు దాదాపు 17 కిలోమీటర్లు పోతోంది. అంటే బందరు నుంచి విజయవాడకు నాలుగు సెకన్లలో! ఆ వేగంతో పోయినా ఆ దగ్గర నక్షత్రమంత దూరం చేరడానికి 70 వేల ఏళ్ళు దాటుతుంది. కాబట్టి అంత దూరం నుంచి మన దాకా రాగలిగినవాళ్ళు మనకంటే ఎంతో తెలివైనవాళ్ళూ, ఎంతో ముందుచూపు ఉన్నవాళ్ళూ అయి ఉండాలి. కాశీయాత్రకు వెళ్ళేవాళ్ళే అక్కడ చలి ఎంత, సత్రం ఎక్కడ, ఏ మందులు వెంట ఉంచుకోవాలి అని నెల ముందు నుంచీ వాకబు చేస్తారు కదా! నక్షత్రాలు దాటి వచ్చేవాళ్ళు వాకబు చెయ్యకుండా వస్తారా?

"అంత దూరాన ఏముందో వెళ్ళకుండా ఎలా తెలుస్తుంది?" అనే సందేహం రావచ్చు. తెలుస్తుంది. దానికి సాక్ష్యం మన బందరే.

1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం పట్టింది. దాని నీడ మన తీరం మీదుగా సాగింది. దాన్ని పరిశీలించడానికి ఫ్రాన్సు నుంచి జాన్సెన్ అనే శాస్త్రజ్ఞుడు గుంటూరు వచ్చాడు. మద్రాసు నక్షత్రశాల అధికారి నార్మన్ పాగ్సన్ పరికరాలన్నీ పట్టుకుని మన మచిలీపట్నం వచ్చాడు. వాళ్ళు తెచ్చిన పరికరం వెలుతురును ఇంద్రధనుస్సులా రంగులుగా విడగొట్టి చూపిస్తుంది. ఒక్కొక్క పదార్థం కాగినప్పుడు తనదైన రంగు గీతలు ఇస్తుంది. ఒక మనిషి వేలిముద్ర మరొకరికి ఉండనట్టే, ఒక పదార్థం గీతలు మరొకదానికి ఉండవు.

ఇది మనం రోజూ వంటింట్లో చూసేదే. చారు పొంగి గ్యాసు పొయ్యి మీద పడితే నీలంగా ఉన్న మంట ఒక్కసారిగా పసుపుపచ్చగా లేస్తుంది కదా! అది చారులో ఉన్న ఉప్పు పని. ఉప్పులో సోడియం అనే పదార్థం ఉంది. దాని వేలిముద్ర ఆ పసుపు రంగు. గ్రహణం నాడు సూర్యుడి అంచున ఎగసిన జ్వాలల్లో కూడా ఒక పసుపు గీత కనిపించింది. మొదట సోడియమే అనుకున్నారు. తీరా చూస్తే గీత ఆ చోట లేదు, కాస్త పక్కగా ఉంది. భూమి మీద ఎరిగిన ఏ పదార్థానికీ అది సరిపోలేదు. సూర్యుడి పేరు మీదే దానికి హీలియం అని పేరు పెట్టారు. మరి 27 ఏళ్ళ తరువాత, 1895లో, రామ్సే అనే ఆయన దాన్ని భూమి మీద పట్టుకున్నాడు. పిల్లల చేతిలోంచి పైకెగిరిపోయే బుడగల్లో కొన్నిటిలో నింపేది ఆ వాయువునే. చూశారా, 15 కోట్ల కిలోమీటర్ల దూరాన ఉన్న వస్తువు ముందు తెలిసింది, మన కాళ్ళ దగ్గర ఉన్నది ఆ తరువాత దొరికింది!

ఇప్పుడు ఆ విద్య ఇంకా పెరిగింది. 2022లో జేమ్స్ వెబ్ అనే అంతరిక్ష దుర్భిణి వెయ్యి కాంతి సంవత్సరాల పైన ఉన్న ఒక గ్రహం గాలిలో నీటి ఆవిరి ఉన్నదని వెలుతురును చూసే చెప్పింది. ఒక కాంతి సంవత్సరం అంటే వెలుతురు ఏడాదిపాటు పరుగెత్తే దూరం. ఇంకా చంద్రుణ్ణి దాటి మనిషిని పంపలేని మనకే ఇది చేతనవుతుంటే, నక్షత్రాలు దాటి వచ్చేవాళ్ళకు చేతకాదా?

ఈ ప్రశ్న పట్టుకుని 2002లో వచ్చిన ఒక పేరున్న సినిమాను చూద్దాం. పేరు 'సైన్స్'. శాస్త్రం అనే సైన్సు కాదు లెండి, ఆనవాళ్ళు అనే అర్థం. తీసిన మనోజ్ నైట్ శ్యామలన్ మన దేశంలోనే, మన యానాం లాగా పుదుచ్చేరిలో భాగమైన మాహేలో పుట్టినవాడు. సినిమా భయం పుట్టించేలా బాగా తీశాడు. అందులో గ్రహాంతరవాసులు మొక్కజొన్న చేలల్లో గుర్తులు వేసి, ఇళ్ళలోకి చొరబడతారు. ఆఖరుకు తెలిసేదేమిటంటే, వాళ్ళకు నీళ్ళు తగిలితే ఒళ్ళు కాలిపోతుంది! గ్లాసుడు మంచినీళ్ళే ఆయుధం.

భూమికి నూటికి 71 పాళ్ళు నీళ్ళే. మన వెలుతురు చూస్తే ఆ సంగతి దూరం నుంచే తెలిసిపోతుంది. పోనీ తెలియలేదనుకుందాం. గాలి మాటేమిటి? బందరులో ఉక్కపోత ఎలా ఉంటుందో మనకు ఒకరు చెప్పాలా? 30 డిగ్రీల వేడిలో నూటికి 80 పాళ్ళు తేమ ఉంటే, పదడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న మన చిన్న గదిలో గాలిలోనే అరలీటరు పైన నీరు ఉంటుంది. ఒంటి మీద నూలుపోగు లేకుండా తిరిగే ఆ ప్రాణి మన పెరట్లో పావుగంట నిలబడితే చాలు. గ్లాసు కూడా అక్కర్లేదు! తనకు విషమైన దానిలోకి అంత తెలివైనవాళ్ళు కనీసం ఒక గొడుగైనా లేకుండా దిగారంటే నమ్మడం కష్టం.

దీనికి సరిగ్గా ఎదురు రకం సినిమాలు కూడా ఉన్నాయి. వాటిలో వాళ్ళు వచ్చేదే నీళ్ళ దొంగతనానికి. 1983లో అమెరికా టీవీలో వచ్చిన 'వి' అనే కథలోనూ, 2011లో వచ్చిన 'బ్యాటిల్ లాస్ ఏంజెలస్' సినిమాలోనూ ఇదే ఎత్తుగడ. వినడానికి సబబుగానే ఉంటుంది. ఎండాకాలం బిందెల వరసలో నిలబడ్డ మనకు నీళ్ళ కోసం యుద్ధం అంటే వెంటనే నమ్మబుద్ధి అవుతుంది. కానీ ఆకాశంలో నీటికి కరువు లేదు. శనిగ్రహం చుట్టూ ఉండే వలయాలు దాదాపు అంతా మంచుగడ్డలే. గురుగ్రహం చంద్రుళ్ళలో ఒకటైన యూరోపాలో, పైన మంచు పెంకు కింద, మన సముద్రాలన్నిటికీ రెట్టింపు నీరు ఉండవచ్చని అంచనా. తోకచుక్కలలో మంచు ఎంతో ఉంది. మన నీటిలోనేమో నూటికి 97 పాళ్ళు ఉప్పునీరు. పైగా భూమి లాగే శక్తిని తప్పించుకుని పైకి పోవాలంటే సెకనుకు 11 కిలోమీటర్ల వేగం కావాలి. ఒక్కో బిందె అంత వేగంతో విసరాలన్నమాట!

ఇది ఎలా ఉందంటే, విజయవాడ ప్రకాశం బ్యారేజీ ఒడ్డున ఇల్లున్న ఆసామి బిందె చంకన పెట్టుకుని, నిండుగా పారుతున్న బందరు కాలువ గట్టు వెంబడే నడిచి నడిచి వచ్చి, మన వీధి చివర ఉప్పునీటి బావిలో అర్ధరాత్రి చేద వేసినట్టుంది. పట్టుబడితే మనం దొంగా అని అరవం. పాపం మతి చలించిందేమో అని మజ్జిగ ఇచ్చి పంపిస్తాం.

ఇక 1996లో వచ్చిన 'ఇండిపెండెన్స్ డే' సంగతి. ఇందులో వచ్చే తల్లి నౌక అడ్డం 550 కిలోమీటర్లకు పైన అనీ, బరువు చంద్రుడిలో నాలుగో వంతు అనీ సినిమాలోనే చెబుతారు. సరే, లెక్క వేద్దాం. 550 కిలోమీటర్ల అడ్డం ఉన్న గుండులో అంత బరువు పట్టాలంటే, అది బంగారం కంటే పదింతలకు పైగా బరువైన వస్తువుతో గట్టిగా నిండి ఉండాలి. సినిమాలో చూస్తే లోపలంతా డొల్ల, విమానాలు ఎగురుతుంటాయి! తులం బంగారం ఎంత ఉంటుందో చేత్తో పట్టి చెప్పగల మనం ఈ తూకం ఒప్పుకుంటామా?

అంతకంటే పెద్ద చిల్లు సముద్రం దగ్గర ఉంది. పున్నమికీ, అమావాస్యకూ పోటు ఎక్కువగా ఉంటుందని మంగినపూడిలో ఏ చేపల బుట్ట దించే అవ్వను అడిగినా చెబుతుంది. చంద్రుడు 3 లక్షల 84 వేల కిలోమీటర్ల దూరాన ఉండి సముద్రాన్ని లాగుతున్నాడు. ఈ లాగుడు దూరం తగ్గేకొద్దీ విపరీతంగా పెరుగుతుంది. దూరం సగమైతే ఎనిమిది రెట్లవుతుంది. ఆ నౌక మన టీవీ ఉపగ్రహాలుండే 36 వేల కిలోమీటర్ల ఎత్తులో నిలబడిందనుకోండి. బరువు చంద్రుడిలో నాలుగో వంతే అయినా, పోటు పుట్టించే శక్తి ఇప్పటికి దాదాపు 190 రెట్లు! ఫిరంగులు పేల్చనక్కర్లేదు. ఊరికే వచ్చి నిలబడితే చాలు, ప్రపంచంలోని డెల్టాలన్నీ నీళ్ళ పాలు. సినిమాలో మాత్రం సముద్రం పూజగదిలో చెంబు నీళ్ళలా కదలకుండా ఉంది.

ఈ చిల్లు మనకు కనబడినంత తొందరగా ఇంకొకరికి కనబడదు. 1977 నవంబరు 19న దివిసీమ మీద పడిన ఉప్పెన చంద్రుడి వల్ల వచ్చింది కాదు, తుఫాను గాలి సముద్రాన్ని నేల మీదకు నెట్టడం వల్ల వచ్చింది. నీరు ఐదు మీటర్ల ఎత్తున లేచింది. పదివేల మందికి పైగా ప్రాణాలు పోయాయని లెక్క. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు వైపు ఆ రోజు తలుచుకోని కుటుంబం లేదు. సముద్రం ఐదు మీటర్లు లేస్తే ఏమవుతుందో ఎరిగిన సీమ మనది. అంచేత, ఆకాశంలో అంత బరువు వచ్చి నిలబడితే సముద్రానికి ఏమీ కాలేదంటే మనం ఎలా ఒప్పుకుంటాం?

ఆ సినిమాలో శత్రువుల కంప్యూటర్లకు మన కంప్యూటర్ నుంచి వైరస్ ఎక్కించి ఓడిస్తారు. వైరస్ అంటే కంప్యూటర్‌కు దాని భాషలో రాసిన తప్పుడు ఆజ్ఞ. తెలుగు ఒక్క అక్షరం రానివాడికి తెలుగులో ఆకాశరామన్న ఉత్తరం రాస్తే భయపడతాడా? కాగితాన్ని పొట్లం కట్టుకుంటాడు.

నిజమైన సూక్ష్మజీవుల కథ అంతకంటే పాతది, అంతకంటే మెరుగైనది. 1898లో పుస్తకంగా వచ్చిన హెచ్.జి. వెల్స్ నవల 'ది వార్ ఆఫ్ ది వరల్డ్స్'లో అంగారక గ్రహం నుంచి వచ్చినవాళ్ళను మన తుపాకులు ఆపలేకపోతాయి, కంటికి కనిపించని క్రిములు చంపుతాయి. ఇందులో సగం నిజం, సగం సందేహం. వరికి వచ్చే అగ్గితెగులు మనిషికి రాదు. కొబ్బరిచెట్టు మొవ్వుకుళ్ళు మనకు అంటదు. ఏ క్రిమికి ఆ ఇల్లు అలవాటు. ఒకే భూమి మీద పుట్టిన కొబ్బరిచెట్టుకూ మనకూ మధ్యే అంత తేడా ఉంటే, వేరే గ్రహం ప్రాణికి మన జలుబు పట్టడం అంత సులువు కాదు. అయితే బూజు అలా కాదు. తడి తగిలిన ఆవకాయ, నిన్నటి రొట్టె, తోలు చెప్పు, దేన్నీ విడిచిపెట్టదు. కాబట్టి వెల్స్ మాట పూర్తిగా కొట్టిపారేయలేం.

చిల్లు మళ్ళీ మన రెండో ప్రశ్న దగ్గరే ఉంది. 1969లో చంద్రుడి మీద దిగి వచ్చిన అపోలో-11 వాళ్ళను, ఏ క్రిమి వెంట వచ్చిందోనని మూడు వారాలపాటు జనానికి దూరంగా ఉంచారు. మొట్టమొదటిసారి వెళ్ళిన మనమే అంత జాగ్రత్తపడ్డాం. 2005లో ఇదే కథను మళ్ళీ సినిమాగా తీసినప్పుడు, శత్రువులు తమ యంత్రాలను ఎన్నో యుగాల కిందటే భూమిలో పాతిపెట్టి వెళ్ళారని చూపించారు. అంటే ఇంతకుముందే ఒకసారి వచ్చి చూసి వెళ్ళినవాళ్ళు! అయినా క్రిముల సంగతి తెలుసుకోలేదట.

"ఇవన్నీ పట్టుకుని ఏం చేస్తాం?" అని అడుగుతారా? చెబుతాను. 1938 అక్టోబరు 30న అమెరికాలో ఆర్సన్ వెల్స్ అనే నటుడు ఆ నవలనే రేడియో నాటకంగా వేశాడు. మామూలు వార్తల మధ్యలో వచ్చే అత్యవసర ప్రకటనల ధోరణిలో నడిపాడు. నాటకమని మొదట్లోనే చెప్పారు. ఆలస్యంగా రేడియో పెట్టినవాళ్ళలో కొందరు నిజమనుకుని హడలిపోయారు. మర్నాడు పత్రికలు దేశమంతా రోడ్డున పడిందన్నట్టు రాశాయి. ఆ రాతలు చాలావరకు అతిశయోక్తి అని తరువాత పరిశోధించినవాళ్ళు తేల్చారు. నాటకాన్ని వార్త అనుకున్నవాళ్ళు కొందరైతే, పత్రిక రాతను యథాతథంగా నమ్మినవాళ్ళు అంతకంటే ఎక్కువమంది!

మన తీరంలో ఇది ఆషామాషీ విషయం కాదు. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చింది. నాలుగు రోజుల తరువాత మళ్ళీ వస్తుందన్న హెచ్చరిక వినబడి తీరం పొడుగునా జనం పరుగులు తీశారు. ఆ అల రాలేదు. ఇలాంటివి రెండు మూడు జరిగితే నిజమైన హెచ్చరికను కూడా జనం పెడచెవిన పెడతారు. అందులోనే అసలు ప్రమాదం ఉంది. ఇప్పుడు హైదరాబాదులో 2007 నుంచి సునామీ హెచ్చరికల కేంద్రం పనిచేస్తున్నది. బందరులోనే తుఫానును కనిపెట్టే రాడార్ ఉంది. ఫోనులో ఏదో ఒక భయంకరమైన కబురు వచ్చినప్పుడు, "ఎవరు చెప్పారు? వాళ్ళకెలా తెలుసు? ఇది జరిగే పనేనా?" అని అడిగే పిల్ల, అసలు హెచ్చరిక వచ్చినప్పుడు అందరికంటే ముందు మూట కట్టుకుని బయలుదేరుతుంది. ఆ అడిగే అలవాటు సినిమా చూస్తూ నవ్వుతూ నేర్పవచ్చు. తప్పు పట్టినా అక్కడ ఎవరి మనసూ నొచ్చుకోదు.

చివరిగా, మొదటి ప్రశ్నకు నాకు నచ్చిన జవాబు చెప్పిన సినిమా ఒకటుంది. ఎక్కడిదో కాదు, 1963లో మద్రాసులో తమిళంలో తీసిన 'కలై అరసి'. మన దేశంలో గ్రహాంతరవాసులను చూపించిన తొలి సినిమాల్లో ఒకటి. నాయకుడు ఎం.జి. రామచంద్రన్, నాయిక మన భానుమతిగారు. అందులో వేరే గ్రహం వాళ్ళకు శాస్త్రం అంతా వచ్చు, సంగీతం మాత్రం రాదు. అందుకని భూమి మీదకు వచ్చి పాడగలిగిన అమ్మాయిని ఎత్తుకుపోతారు. చిల్లులు అందులోనూ ఉన్నాయి. వాళ్ళు మన గాలి ఎలా పీల్చారు, తమిళం ఎప్పుడు నేర్చుకున్నారు అని అడిగితే జవాబు లేదు. కానీ వచ్చిన కారణం మాత్రం గట్టిది. నీళ్ళు తోకచుక్కలో దొరుకుతాయి. లోహాలు ఏ ఉల్కలోనైనా దొరుకుతాయి. భానుమతిగారి గొంతు ఇంకెక్కడ దొరుకుతుంది చెప్పండి?

ఆ మాట శాస్త్రజ్ఞులూ ఒప్పుకున్నట్టే ఉంది. ఇందాక చెప్పిన వాయేజర్ నౌకలో, ఎవరికైనా దొరికితే వింటారని, బంగారు పూత పూసిన ఒక రికార్డు పెట్టి పంపారు. అందులో దేశదేశాల సంగీతం ఉంది. మన దేశం నుంచి కేసర్‌బాయి కేర్కర్ పాట ఉంది. 55 భాషల్లో పలకరింపులున్నాయి, వాటిలో తెలుగు ఒకటి. దివిసీమ మునిగిన ఆ ఏడాదే, రెండు నెలల ముందు, మన తెలుగు పలకరింపు ఆకాశానికి బయలుదేరింది. ఇంకా పోతూనే ఉంది.

కాబట్టి ఈసారి పిల్లలు అలాంటి సినిమా పెట్టినప్పుడు పొయ్యి కాస్త తగ్గించి, వాళ్ళ పక్కన ఒక్క పది నిమిషాలు కూర్చోండి. ఎందుకొచ్చారో, ఏం తెలుసుకుని వచ్చారో అడగండి. జవాబు వాళ్ళనే వెతకనివ్వండి. చారు పొంగితే మాత్రం మంట రంగు చూపించడం మరచిపోకండి.